జూదం పాపమా? వచనం లేని చోట సంఘం ఏం చెప్పింది

జూదం పాపమా అని ఏ తెలుగు సంఘంలో అడిగినా జవాబు వెంటనే వస్తుంది: పాపమే, అందులో అనుమానం ఏముంది? పేకాట, సారా, సినిమా మానేశానని చెప్పుకోవడం పాత తరం సాక్ష్యాల్లో మామూలు విషయం. అయితే ఏ వచనం ప్రకారం అని ఇంకో ప్రశ్న వేస్తే తడబాటు మొదలవుతుంది. పది ఆజ్ఞల్లో జూదం ఊసు లేదు. కొండమీది ప్రసంగంలో లేదు. పౌలు తన పత్రికల్లో ఏకరువు పెట్టిన పాపుల్లో త్రాగుబోతులున్నారు, లోభులున్నారు, దోచుకొనేవారున్నారు, జూదరి మాత్రం లేడు. అప్పట్లో జూదం లేక కాదు. రోమా సామ్రాజ్యంలో పాచికలాట ఎంత విరివిగా ఉండేదంటే, సాటర్నేలియా పండుగ రోజుల్లో తప్ప డబ్బు పెట్టి ఆడకూడదని చట్టాలే చేయాల్సి వచ్చింది. చక్రవర్తులు కూడా ఆ ఆటకు అలవాటుపడిన వాళ్లే కాబట్టి ఆ చట్టాలు ఎంత గట్టిగా అమలై ఉంటాయో ఊహించుకోవచ్చు.

వచనం లేదు కాబట్టి తప్పు లేదని తేల్చేయడం తేలిక. ఎక్కడో ఉన్న వచనాన్ని లాక్కొచ్చి అతికించడం ఇంకా తేలిక. సంఘ చరిత్రలో ఎక్కువగా జరిగింది ఈ రెండో పని.

అలా లాక్కొచ్చే వాటిలో మొదటిది చీట్ల సంగతి. సిలువ కింద సైనికులు యేసు అంగీ కోసం చీట్లు వేసుకున్నారు, కాబట్టి జూదం ఆ సైనికుల పాపం అని ప్రసంగాల్లో వినిపిస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది గాని వాదనగా నిలవదు. ఆ సైనికులు ఎవరూ తమ సొమ్ము పందెం కాయలేదు. కుట్టులేని ఒక్క అంగీని చింపకుండా ఎవరు తీసుకోవాలో తేల్చుకున్నారు, అంతే. అదే పని యెహోషువ షిలోహులో చేశాడు, మిగిలిన ఏడు గోత్రాలకు భూమి పంచడానికి. దేవాలయంలో ధూపం వేసే వంతు జెకర్యాకు చీటీ వల్లే వచ్చింది. ఓడలో యోనాను పట్టించింది చీటీయే. యూదా స్థానంలో ఎవరిని తీసుకోవాలో తేలక అపొస్తలులు ప్రార్థన చేసి చీట్లు వేస్తే మత్తీయ పేరు వచ్చింది. "చీట్లు ఒడిలో వేయబడును వాటివలని తీర్పు యెహోవా వశము" అని సామెతలు 16:33 చెప్పేది కూడా ఈ పద్ధతి గురించే. చీటీ వేయడమే తప్పయితే మత్తీయ ఎన్నిక కూడా తప్పే అవుతుంది.

నిజంగా పందెం అనదగ్గది బైబిల్లో ఒకటి ఉంది. దాని జోలికి మాత్రం ఎవరూ పెద్దగా వెళ్లరు. న్యాయాధిపతులు 14వ అధ్యాయంలో సమ్సోను తిమ్నాతులో పెళ్లి విందు చేస్తూ, తనతో కూర్చోబెట్టిన ముప్పై మంది ఫిలిష్తీయులకు విప్పుడు కథ వేస్తాడు. విందు ఏడు రోజుల్లో విప్పితే ముప్పై నారబట్టలు, ముప్పై దుస్తులు తను ఇవ్వాలి, విప్పలేకపోతే వాళ్లు ఇవ్వాలి. సరదాగా మొదలైన ఈ ఆట నడిచిన తీరు చూడండి. జవాబు దొరక్క వాళ్లు పెళ్లికూతురి మీద పడ్డారు. మా ఆస్తి ఊడ్చుకోవడానికే పిలిచారా అంటూ, భర్త దగ్గర గుట్టు లాగకపోతే నిన్నూ నీ పుట్టింటినీ తగలబెడతామన్నారు. ఆమె ఏడ్చి ఏడ్చి గుట్టు రాబట్టింది. ఓడిపోయిన సమ్సోను అష్కెలోనుకు వెళ్లి, ఈ పందెంతో ఏ సంబంధమూ లేని ముప్పై మందిని చంపి, వాళ్ల ఒంటిమీది బట్టలు ఒలిచి తెచ్చి బాకీ తీర్చాడు. పందెం కాయడం తప్పని కథ ఎక్కడా చెప్పదు. కానీ ఇద్దరి మధ్య ఒప్పందంగా మొదలైన పందెం బాకీని కట్టింది ఆ ఇద్దరిలో ఎవరూ కాదు. ఈ సంగతి ముందుకు పనికొస్తుంది.

చీట్ల మీద అసలైన గొడవ ఇంగ్లండులో ప్యూరిటన్ల మధ్య, అంటే సంఘాన్ని ఇంకా శుద్ధి చేయాలన్న కఠిన ప్రొటెస్టెంట్ల మధ్య జరిగింది. 1593లో జేమ్స్ బామ్‌ఫర్డ్ అనే పాదిరి చిన్న పుస్తకం వేశాడు. చీటీ తీర్పు యెహోవాది, పెద్ద విషయాలు తేల్చుకోవడానికి ఆయన ఇచ్చిన సాధనం, దాన్ని కాలక్షేపానికి వాడితే దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించినట్టే అన్నది అతని వాదన. ఈ లెక్కన పైసా పెట్టకుండా ఆడినా పేక, పాచికలు పాపమే. 1619లో థామస్ గాటేకర్ దీనికి తిరుగు జవాబు రాశాడు. అతనూ ప్యూరిటనే, పండితుడు. పాచిక ఎలా పడుతుందో మనకు ముందుగా తెలియకపోవడం ఒక ఎత్తు, దేవుడు ప్రత్యేకంగా దిగివచ్చి దాన్ని తిప్పడం మరో ఎత్తు అన్నాడు. లోకంలో మనకు అంతుపట్టని చిన్నా చితకా సంగతులు రోజూ ఎన్నో జరుగుతాయి, అవన్నీ దేవుని ఏర్పాటు కిందే ఉన్నాయి, పాచిక కూడా వాటిలో ఒకటి, అంతకుమించి దానికి పవిత్రత లేదు అన్నది అతని తర్కం. దీనితో చీటీలో దేవుని మనసు వెతకడం మూఢత్వం అయింది, డబ్బు లేని పేకాట అమాయకమైన కాలక్షేపం అయింది. ప్యూరిటన్లలో చాలామందికి ఇది మింగుడుపడలేదు. అయినా వాదన బలం గాటేకర్ వైపే ఉంది.

గాటేకర్ మాట తెలుగు సంఘాలకూ కాస్త తగులుతుంది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలో వాగ్దానపు కార్డులు పెట్టి తలా ఒకటి తీయమనడం మన దగ్గర చాలాచోట్ల ఉంది. వచ్చిన వచనం ఈ ఏడాదికి దేవుడు తనకిచ్చిన మాట అని తీసినవాళ్లు నమ్ముతారు. పేకముక్క ముట్టుకోవడమే పాపం అనుకునే ఇంట్లో కూడా ఆ కార్డు ఫ్రిజ్ మీద ఏడాదంతా ఉంటుంది. ఇది తప్పని అనడం కాదు. యాదృచ్ఛికంగా చేతికొచ్చిన దాన్ని వాడుకోవడం దానంతట అదే పాపమని ఏ సంఘమూ నిజంగా నమ్మదు, అంతే. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ జూదాన్ని తీవ్రంగా ఖండించాడు, 1739లో బ్రిస్టల్ వెళ్లాలా వద్దా అన్నది మాత్రం చీట్లు వేసి తేల్చుకున్నాడు. మొరేవియన్ సంఘంవాళ్లు పెళ్లి సంబంధాలకు కూడా చీట్లు వేసేవారు, 19వ శతాబ్దం మొదట్లో గాని ఆ పద్ధతి వదల్లేదు.

మరి జూదం విషయంలో సంఘానికి అంత కోపం ఎక్కడినుంచి వచ్చింది? కోపం మాత్రం పాతదే. నాలుగో శతాబ్దం మొదట్లో స్పెయిన్‌లో జరిగిన ఎల్విరా సభ, డబ్బు పెట్టి పాచికలాడిన విశ్వాసిని ప్రభు బల్లకు దూరం పెట్టమంది. మానుకుంటే ఏడాది తర్వాత మళ్లీ చేర్చుకోవచ్చు. అపొస్తలుల నియమాలుగా పేరుపడిన పాత సంకలనం, పాచికలకో తాగుడుకో అలవాటుపడ్డ బిషప్పు, పెద్ద, డీకను ఎవరైనా మానాలి, లేదా పదవి పోగొట్టుకోవాలి అంటుంది. 692లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన ట్రుల్లో సభ బోధకులనీ సామాన్యులనీ తేడా లేకుండా అందరికీ పాచికలు వద్దంది. 1215 నాటి నాలుగో లాటరన్ సభ, పాదిరులు పాచికలు ఆడకూడదు, ఆడేచోట కూర్చోకూడదు అని కట్టడి చేసింది. ఈ నియమాలు కారణాలు వివరించవు. కానీ పాచికలను తాగుడు పక్కన పెట్టడంలోనే వాళ్లు చూసింది ఏమిటో తెలుస్తుంది. ఆట సిద్ధాంతరీత్యా తప్పా ఒప్పా అన్నదాని కంటే, ఆటగాడు ఏమైపోతున్నాడో కళ్ల ముందు కనిపిస్తోంది. "నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను" అని పౌలు కొరింథీయులకు రాసిన మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

ఇలాంటి నిషేధాలు పెట్టిన పాశ్చాత్య సంఘమే తర్వాత కాస్త మెత్తబడింది. క్యాథలిక్ సంఘ అధికారిక సత్యోపదేశం 2413వ పేరాలో పేకాట వంటి ఆటలు, పందేలు దానంతట అవే న్యాయానికి విరుద్ధం కావని ఉంది. తనకూ తనవాళ్లకూ బతకడానికి కావలసిన దాన్ని పోగొట్టేలా ఉంటే అవి నైతికంగా ఒప్పుకోదగినవి కావు. జూదపు వ్యామోహం మనిషిని బానిసను చేసే ప్రమాదం ఉంది. అన్యాయమైన పందెం, మోసం ఘోరమైన తప్పు, నష్టం మరీ చిన్నదై పట్టించుకోనక్కర లేనంత ఉంటే తప్ప. దీని వెనక నీతిశాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెప్పే నాలుగు షరతులున్నాయి: పెట్టే సొమ్ము తనదై, దాన్ని ఖర్చుపెట్టుకునే హక్కు తనకు ఉండాలి, ఎవరి బలవంతమూ ఉండకూడదు, మోసం ఉండకూడదు, ఇరుపక్షాలకూ గెలిచే అవకాశం ఇంచుమించు సమానంగా ఉండాలి. గోవాలో చర్చి ఫెస్తుల (పండుగల) దగ్గర హౌసీ నిర్భయంగా నడుస్తుందంటే కారణం ఇదే. పదీ ఇరవై పెట్టి టికెట్ కొని, నంబర్లు కొట్టుకుంటూ గంటసేపు నవ్వుకుంటే అందులో పాపం ఏముందని అక్కడివాళ్లు అడుగుతారు. అదే గోవాలో మాండోవి నది మీద తేలే క్యాసినోలను చర్చి వర్గాలు వ్యతిరేకిస్తూ వచ్చాయి. రెండు నాల్కల ధోరణిలా కనిపిస్తుంది గాని, నాలుగు షరతులు దగ్గర పెట్టుకుంటే అందులో వైరుధ్యం లేదు.

ఆ నాలుగో షరతు చదవడానికి చప్పగా ఉంటుంది గాని అసలు పదును దానిలోనే ఉంది. మేఘాలయ రాజధాని షిల్లాంగ్‌లో ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం నడిచే తీర్ ఆట తీసుకుందాం. పోలో గ్రౌండ్ దగ్గర ఖాసీ విలుకాళ్లు వరుసగా కూర్చుని, వెదురుకు కట్టిన గుండ్రటి మోపు మీదికి బాణాలు వేస్తారు. సమయం అయ్యాక దిగిన బాణాలు లెక్కపెడతారు. 743 దిగితే ఆ రౌండు నంబరు 43. దాన్ని ముందే ఊహించి కాగితం రాయించుకున్నవాడికి డబ్బు. రాత్రి వచ్చిన కలకు ఏ నంబరో చెప్పేవాళ్లూ ఉంటారు. మొదటి రౌండులో రూపాయికి 80 రూపాయల దాకా వస్తుంది. వంద నంబర్లకు వంద మంది తలా రూపాయి కట్టారనుకుంటే వసూలు 100, గెలిచినవాడికి 80, మిగతా 20 కౌంటరుకూ పన్నుకూ. ఇద్దరు స్నేహితులు నాణెం ఎగరేసి పది రూపాయలు పందెం కాస్తే ఇద్దరికీ అవకాశం సమానం. తీర్ కౌంటరులో కౌంటరుకు ఓటమి దాదాపు లేదు, రోజూ ఆడేవాడికి ఏడాది చివర గెలుపు దాదాపు లేదు. లాటరీలో ఈ తేడా ఇంకా ఎక్కువ. మోసం ఏమీ లేకుండానే, అన్నీ చట్టప్రకారం జరుగుతూనే, నాలుగో షరతు విఫలమవుతుంది. క్యాథలిక్ సంఘం తలుపు తెరిచింది నిజమే. ఈ కాలపు వ్యాపార జూదం మాత్రం ఆ తలుపులో పట్టదు.

ప్రొటెస్టెంట్ వైపు వాదన మరో దారిలో వచ్చి దాదాపు అక్కడికే చేరుతుంది. వెస్లీ 1760లో అచ్చయిన డబ్బు గురించిన ప్రసంగంలో, ఎంత సంపాదించగలిగితే అంత సంపాదించండి, ఎంత మిగల్చగలిగితే అంత మిగల్చండి, ఎంత ఇవ్వగలిగితే అంత ఇవ్వండి అన్నాడు. తెలుగు ప్రసంగాల్లోనూ ఈ మూడు మాటలు తరచూ వినిపిస్తాయి. మొదటి మాటకు అతను పెట్టిన హద్దులు మాత్రం ఎవరికీ పెద్దగా గుర్తుండవు. పొరుగువాణ్ణి తనలాగే ప్రేమించేవాడు అతని ఆస్తికి నష్టం చేసి సంపాదించలేడు, జూదంలో అతని పొలాన్నీ ఇంటినీ మింగలేడు అని వెస్లీ చెప్పాడు. జూదం దేవుని విధిని ఎదిరించడమని గాని, చీట్లను అపవిత్రం చేయడమని గాని అక్కడ అనలేదు. నా గెలుపు ఎక్కడినుంచి వచ్చింది అన్నదే లెక్క. రైతు పంట తీస్తే ఇంకొకరి చేను ఎండనక్కర లేదు. వడ్రంగి బల్ల చేస్తే కొన్నవాడికి బల్ల మిగులుతుంది. పందెంలో వచ్చిన రూపాయి మాత్రం తప్పకుండా ఇంకొకరి జేబులోంచి పోయిన రూపాయే. దొంగిలించేవాడు ఇకమీదట దొంగిలక, అక్కరగలవాడికి పంచిపెట్టేటట్టు తన చేతులతో పని చేయాలి అని ఎఫెసీయులకు రాసిన పత్రిక చెప్పేది సంపాదనకు ఈ ఎదురు దిశ గురించే.

దీనికి వచ్చే ఎదురు ప్రశ్న బలమైనదే. ఓడినవాడు ఇష్టపడే కదా ఆడాడు? ఇద్దరూ ఒప్పుకున్నాక దొంగతనం ఎలా అవుతుంది? ఒప్పుకుని కత్తులు దూసుకున్నా హత్య హత్యే అని పాత ప్రసంగీకులు దీనికి జవాబు చెప్పేవారు. ఈ పోలిక కొంత అతి. పది రూపాయల పందెం ఎవరి ప్రాణమూ తీయదు. అంతకంటే సమ్సోను కథే దగ్గరి జవాబు. ఒప్పుకున్నది ఆడినవాడు. కట్టేది మాత్రం ఒప్పుకోనివాళ్లు. సంక్రాంతి మూడు రోజులు భీమవరం చుట్టుపక్కల బరుల దగ్గర చూస్తే ఇది అర్థమవుతుంది. కోళ్లకు కత్తులు కట్టి దింపేది బరిలోకి అయినా, డబ్బు ఎక్కువగా తిరిగేది పైపందేల్లోనూ, పక్కన టెంట్లలో నడిచే గుండాటలోనూ, లోన-బయటలోనూ. కూలి డబ్బు, కౌలుకు దాచిన డబ్బు, పుస్తెల తాడు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అక్కడికి వస్తాయి. ఆ తాడు మెడలో ఉన్న మనిషిని ఎవరూ అడగలేదు. తెలుగునాట సంఘాలు పేకాటను అంత కటువుగా చూడటం వెనక వేదాంతం కంటే ఈ అనుభవమే ఎక్కువ. సంఘంలో ముందు వరుసలో కూర్చునేది ఆ ఇల్లాలే.

మన చట్టం గీసిన గీత ఈ ప్రశ్నకు పనికిరాదు. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం కాదు అని తేల్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఈ ఒక్క మాట మీదే బతికాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి ఆన్‌లైన్ రమ్మీకి అడ్డుకట్ట వేశాయి. 2025 ఆగస్టులో కేంద్రం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఇంత చర్చలోనూ నైపుణ్యం ఉంటే తప్పు లేదన్న ఊహ ఒకటి నడిచింది. క్రైస్తవ నీతి ప్రకారం చూస్తే అది తలకిందులు లెక్క. నైపుణ్యం ఉన్నవాడు లేనివాణ్ణి కూర్చోబెట్టి ఆడిస్తే నాలుగో షరతు ఇంకా ఘోరంగా విరుగుతుంది. అమాయకుణ్ణి ముందు రెండు ఆటలు గెలిపించి తర్వాత ఊడ్చేసే పేకాటరాయుడి దగ్గర కావలసినంత నైపుణ్యం ఉంటుంది.

మరి షేర్లు? చిట్‌ఫండ్ చీటీలు? ఇన్సూరెన్స్? రేపేమవుతుందో తెలియని చోట డబ్బు పెట్టడం జూదమైతే వ్యవసాయం కూడా జూదమే. ఇన్సూరెన్స్ కథ ఇక్కడ ఆసక్తిగా ఉంటుంది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో ముక్కూమొహం తెలియని పెద్దమనుషుల ప్రాణాల మీద పాలసీలు తీసుకుని, వాళ్లు ఎప్పుడు పోతారా అని ఎదురుచూసేవారు. 1774లో పార్లమెంటు చట్టం చేసి, ఎవరి ప్రాణం పోతే తనకు నిజంగా నష్టమో వాళ్ల మీదే పాలసీ తీసుకోవాలంది. ఆ చట్టానికి జూద చట్టం అన్న పేరు కూడా ఉంది. ఒకే కాగితం ఒక చేతిలో భద్రత, ఇంకో చేతిలో పందెం. షేర్లదీ అంతే. కంపెనీలో వాటా కొని ఏళ్ల తరబడి ఉంచుకున్నవాడికి వచ్చే లాభం ఇంకొకరి నష్టం కానక్కర లేదు. ఫ్యూచర్స్, ఆప్షన్లలో, అంటే షేరు ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాని మీద కుదుర్చుకునే ఒప్పందాల్లో, సాయంత్రానికి తేల్చుకునేవాడి సంగతి వేరు. షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2024లో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం మూడేళ్లలో ఈ విభాగంలోకి దిగిన వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు, పోయిన మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. లాటరీ టికెట్ కొన్న సంఘ సభ్యుణ్ణి పిలిచి మందలించే పెద్దలు ఫోన్‌లో ఆప్షన్లు ఆడే సభ్యుణ్ణి బిజినెస్ చేసుకుంటున్నాడు అనుకుని వదిలేస్తారు. ఇంగ్లీషు పేరున్న జూదానికి మన దగ్గర గౌరవం ఎక్కువ.

ఒక్క మనిషి పందెం సంగతి ఇలా ఉంటే, సమాజమే పందెం నడిపితే ఏమిటి? 2011 జనగణన ప్రకారం నాగాలాండ్‌లో దాదాపు 88 శాతం మంది క్రైస్తవులు. బాప్టిస్టు సంఘాల ఒత్తిడితో 1989లో అక్కడ సంపూర్ణ మద్యనిషేధ చట్టం వచ్చింది. ఆ రాష్ట్రం పేరుతోనే అచ్చయ్యే లాటరీ టికెట్లు పశ్చిమ బెంగాల్, పంజాబ్ వంటి చోట్ల రోజూ అమ్ముడవుతాయి. తాగుడు కనిపించేది సొంత వీధిలో, లాటరీ ఖాళీ చేసే జేబు మాత్రం వందల మైళ్ల దూరంలో. మేఘాలయలో దాదాపు 75 శాతం మంది క్రైస్తవులు. 2021లో క్యాసినోలకు దారితీసే చట్టం తెస్తే చర్చిలు గట్టిగా ఎదిరించాయి, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. తీర్ మాత్రం 1982 నుంచి పన్ను కట్టి లైసెన్సుతో నడుస్తూనే ఉంది, మన సంప్రదాయ విలువిద్య అన్న పేరుతో.

కేరళ పరిస్థితి ఇంకొంచెం క్లిష్టం. 1967లో ప్రైవేటు లాటరీలను ఆపి ప్రభుత్వమే లాటరీ శాఖ పెట్టింది. టికెట్ రూపాయి, మొదటి బహుమతి 50 వేలు, మొదటి డ్రా 1968 జనవరి 26న. ఈ టికెట్లు అమ్మి బతికేవాళ్లలో వికలాంగులు, వృద్ధులు చాలామంది. ఇది అన్యాయమైన పందెమని చెప్పి ఆపేస్తే ముందు పస్తులుండేది వీళ్లే. ఇలాంటి చిక్కు పాతదే. 1423లో ఇటలీలోని బొలోన్యాలో సియెనా బెర్నార్దినో అనే సన్యాసి ప్రసంగాలకు కదిలిపోయి జనం పేకముక్కలు మంటలో వేస్తే, పేకలు చిత్రించే ఒకతను వచ్చి నా పొట్ట కొట్టారు కదా అన్నాడట. క్రీస్తు నామాక్షరాలు రాసిన పలకలు చిత్రించి అమ్ముకో అని బెర్నార్దినో దారి చూపించాడని చెబుతారు. వద్దన్నవాడు బతుకుతెరువు కూడా చూపించాడు, అది గమనించాలి. బ్రిటన్‌లో ఆ ఓపిక కూడా లేకుండా సంఘం రాజీపడింది. అక్కడ 1994లో మొదలైన జాతీయ లాటరీ సొమ్ముతో ఎన్నో పాత చర్చిల పైకప్పులు బాగయ్యాయి.

చివరికి ఇది పాస్టర్ల బల్ల మీదికి వచ్చే ప్రశ్న అవుతుంది. బరిలో గెలిచిన డబ్బులో దశమభాగం తెచ్చి ఇస్తే తీసుకోవాలా? చాలామంది తీసుకుంటారు, కొందరు వద్దంటారు, ఎక్కువమంది ఎక్కడిదని అడగరు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్యాథలిక్ వేదాంతి ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నాడు. తన ఆస్తి మీద హక్కులేని చిన్నపిల్లవాడి దగ్గరో, మతిలేనివాడి దగ్గరో గెలిచిన సొమ్ము, డబ్బాశతో ఒకణ్ణి ఆటలోకి లాగి మోసంతో గెలిచిన సొమ్ము దానం చేయడానికి వీల్లేదు, పోగొట్టుకున్నవాడికి తిరిగి ఇవ్వాల్సిందే. దేశ చట్టం జూదాన్ని నిషేధించిన చోట, ఆ చట్టం వాడుకలో ఉన్నంతకాలం గెలిచినదీ తిరిగి ఇవ్వాలి. ఓడినవాడే ఇతణ్ణి ఆటలోకి లాగి ఉంటే మాత్రం అతనికి తిరిగి అడిగే హక్కు లేదు, గెలిచినవాడికి ఉంచుకునే హక్కూ లేదు, ఆ డబ్బు పేదలకు పోవాలి. కోడిపందెం మన చట్టప్రకారం నేరం కాబట్టి ఈ లెక్క ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. యూదా పారేసిన ముప్పై వెండి నాణేలను యాజకులు కానుకల పెట్టెలో వేయకుండా, పరదేశులను పాతిపెట్టడానికి కుమ్మరివాని పొలం కొన్నారు. కనీసం ఆ తేడా వాళ్లకు తెలుసు. ఫోన్ యాప్‌లో గెలిచిన సొమ్ముకు ఓడినవాడి అడ్రస్ దొరకదు గనుక అది పేదలకే. సంక్రాంతి బరిలో ఓడినవాడు సాధారణంగా పక్క వీధివాడే, అతని ఇల్లు ఎక్కడో గెలిచినవాడికి తెలుసు, దశమభాగం పుచ్చుకోబోతున్న పాస్టరుగారికీ తెలుసు.